ఫాంటసీ సిరీస్‌లో ఒక సీన్‌ను విశ్లేషించడం ఎలా? ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ముందేసుకుని ఒక అభ్యాసం

మాస్ కమ్యూనికేషన్ చదివేవాళ్లు ‘విశ్లేషణ’ అని రాసి తెచ్చే కాగితాలు చూస్తుంటాను. చాలావాటిలో ఉండేది కథ. ఎవరు ఎవరిని చంపారు, ఎవరు గద్దెనెక్కారు, చివర్లో ‘విజువల్స్ అద్భుతం’ అని ఒక ముక్క. చదివినవాడికి సిరీస్ చూసిన తృప్తి కలగదు, కొత్తగా తెలిసేదీ ఉండదు. కథను పక్కన పెట్టి తెరను ఎలా చదవాలో ఇక్కడ ఒక్కో మెట్టుగా చెబుతాను. పరీక్షకు రాసేవాళ్లకే కాదు, ఇష్టంగా సిరీస్‌లు చూసేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

ముందు రెండు మాటలు తెలుసుకోండి. మీడియా లాంగ్వేజ్ అంటే తెర మాట్లాడే భాష. కెమెరా ఎక్కడ పెట్టారు, లైటు ఎటునుంచి పడింది, కట్ ఎప్పుడు వేశారు, ఏ చప్పుడు వినిపించారు, ఎవరికి ఏ రంగు బట్ట కట్టారు, ఇవన్నీ ఆ భాషలో అక్షరాలు. రిప్రజెంటేషన్‌ను పాఠ్యపుస్తకాల్లో ‘ప్రాతినిధ్యం’ అంటారు. నాకు ‘చిత్రణ’ అన్న మాటే దగ్గరగా అనిపిస్తుంది, ప్రాతినిధ్యం అనగానే అసెంబ్లీ సీట్లు గుర్తొస్తాయి కాబట్టి. ఆడవాళ్లను, ఒక జాతిని, పేదవాళ్లను, బయటివాళ్లను తెర ఎలా చూపించి మనతో ఏం నమ్మిస్తోంది అన్నదే చిత్రణ. రెండింటినీ విడివిడిగా రాయకండి. మొదటిది పనిముట్టు, రెండోది దానితో చేసిన పని.

దీనికి ఫాంటసీయే ఎందుకంటారా? చారిత్రక సీరియల్ తీసినవాళ్లు ‘ఆ రోజుల్లో అలాగే ఉండేది’ అని తప్పుకోవచ్చు. ఫాంటసీ తీసినవాళ్లకు ఆ వీలు లేదు. డ్రాగన్లను పుట్టించినవాళ్లు ఏదైనా పుట్టించగలరు. కాబట్టి తెర మీద కనిపించేది ప్రతిదీ ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయమే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా మెట్లన్నీ తేలికవుతాయి.

ఉదాహరణకు హెచ్‌బీఓ వాళ్ల ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ తీసుకుందాం. 2011 ఏప్రిల్ 17 నుంచి 2019 మే 19 వరకు 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు వచ్చాయి. ఇది పెద్దలు చూసే సిరీస్. హింస, నగ్నత్వం ఎక్కువ. ఇంట్లో పిల్లలుంటే వాళ్లు పడుకున్నాక పెట్టుకోండి.

మొదటి మెట్టు: చిన్న ముక్క కోసుకోండి

మొత్తం సిరీస్ గురించి రాద్దామనుకుంటే ఏదీ రాయలేరు. మూడు నాలుగు నిమిషాల సీన్ ఒకటి చాలు. నోటుబుక్కులో పేజీని నిలువునా రెండుగా చేసుకోండి. ఎడమవైపు ‘ఏం ఉంది’, కుడివైపు ‘దానివల్ల ఏం అనిపిస్తోంది’. ప్రతి వరుస ముందు టైమ్ వేయండి. ఆ టైమ్ లేకపోతే రేపు రాసేటప్పుడు అదే షాట్ కోసం అరగంట వెతుక్కోవాలి.

మొదటిసారి ఏమీ రాయకుండా మామూలుగా చూడండి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ టెన్షన్ పడ్డారు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. మీకు అనిపించినది అనిపించేలా ఎలా చేశారో వెతకడమే ఇకమీది పని.

రెండో మెట్టు: సౌండ్ తీసేసి చూడండి, తర్వాత కళ్లు మూసుకుని వినండి

మొదటి ఎపిసోడ్ ‘వింటర్ ఈజ్ కమింగ్’లో వింటర్‌ఫెల్ కోట పెరట్లో పిల్లలు బాణాలు వేసే సీన్ ఉంది. దాన్ని మ్యూట్‌లో పెట్టండి. ఆ ఇంటి చిన్నపిల్లాడు బ్రాన్ విల్లు పట్టుకుని గురి పెడతాడు, తప్పుతుంది. అన్నలు పక్కన నిలబడి ఉంటారు. తల్లీ తండ్రీ పైన వరండాలోంచి చూస్తుంటారు. మధ్యలో కట్ చేసి గది లోపలికి తీసుకెళతారు. అక్కడ ఆడపిల్లలు కుట్టుపని చేస్తుంటారు. బ్రాన్ పెద్దక్క సాన్సా కుట్టిన దాన్ని గురువమ్మ మెచ్చుకుంటుంది. పక్కనే సాన్సా చెల్లెలు ఆర్యా ముఖం ముడుచుకుని కూర్చుని ఉంటుంది. మళ్లీ పెరడు. బ్రాన్ బాణం లాగుతాడు. వదిలేలోపే ఎక్కడినుంచో ఇంకో బాణం వచ్చి నడిబొడ్డున గుచ్చుకుంటుంది. అందరూ వెనక్కి తిరుగుతారు. దూరంగా విల్లు పట్టుకుని ఆర్యా.

ఎడమవైపు రాయాల్సింది ఇంతే. ‘ఆర్యా ధైర్యవంతురాలు’ అని అక్కడ రాయకూడదు. ధైర్యం అనేది ఫ్రేములో కనిపించే వస్తువు కాదు, మీరు తీసిన అర్థం. అది కుడివైపుకు పోవాలి.

ఇప్పుడు కళ్లు మూసుకుని వినండి. గది లోపల కుట్టుపని నడుస్తుండగా బయటి పెరటి చప్పుడు లోపలికి వస్తుంది. ఆర్యా చెవి అటే ఉంటుంది. బొమ్మ ఆమెను గదిలో కూర్చోబెట్టింది, శబ్దం ఆమెను బయటికి లాగుతోంది. మాట ఒక్కటీ అక్కర్లేకుండా ఈ పిల్ల ఎక్కడ ఉండాల్సి వస్తోందో, ఎక్కడ ఉండాలనుకుంటోందో తెలిసిపోయింది. విశ్లేషణ అంటే ఈ వాక్యం. కథ చెప్పడంలో ఇది దొరకదు.

సౌండ్, బొమ్మ కలిపి చూసినప్పుడు ఒకటి ఇంకోదాన్ని ఒప్పుకుంటోందా, కాదంటోందా అన్నది ప్రత్యేకంగా గమనించండి. పొరపొచ్చం వచ్చిన చోటే సరుకు దొరుకుతుంది. ఈ మాట మళ్లీ అవసరపడుతుంది.

మూడో మెట్టు: మార్చి చూడండి

ఏ నిర్ణయం ఎంత బరువైందో తెలియాలంటే మనసులో దాన్ని మార్చి చూడాలి. అదే సీన్‌లో ఆర్యా విల్లు ఎక్కుపెట్టడం ముందే చూపించి, తర్వాత బాణం తగలడం చూపించారనుకోండి. అప్పుడు మనం ‘తగులుతుందా లేదా’ అని చూస్తాం. ఇప్పుడున్న వరుసలో ముందు తగిలిన బాణం చూస్తాం, తర్వాత ‘ఎవరు?’ అనుకుంటాం, ఆ తర్వాతే ఆడపిల్లను చూస్తాం. మగపిల్లల్లో ఎవరో వేశారని మనమే ఊహించి, మన ఊహ తప్పని మనమే తెలుసుకుంటాం. కట్‌ల వరుస మార్చితే ఈ తెలుసుకోవడం ఉండదు. ఆర్యా పాత్రను నిలబెట్టింది ఎడిటింగ్.

లైటు, బట్టలు, సెట్ అన్నింటికీ ఇదే పరీక్ష పెట్టొచ్చు. వింటర్‌ఫెల్ సీన్లు ఎక్కువగా ఉత్తర ఐర్లాండ్‌లో తీశారు. మబ్బు పట్టిన వెలుతురు, బూడిద రంగు రాళ్లు, బరువైన ఉన్ని బట్టలు. అదే పిల్లల్ని పసుపు ఎండలో నిలబెట్టి ఉంటే ఆ ఇంటిమీద మనకు ఇంత దిగులు పుట్టదు. ఇలాంటివి రెండు మూడు రాసుకుంటే చాలు, ప్రతి కుర్చీకీ అర్థం వెతకక్కర్లేదు.

నాలుగో మెట్టు: ముఖం, పేరు, మాట, ఈ మూడూ లెక్కపెట్టండి

ఇక్కడినుంచి చిత్రణ. సిద్ధాంతాల జోలికి పోకముందు లెక్కపెట్టండి. సీన్‌లో ఎవరికి క్లోజప్ దక్కింది? ఎవరికి పేరు ఉంది? ఎవరు మాట్లాడారు, ఎవరి గురించి ఇంకొకరు మాట్లాడారు?

మొదటి ఎపిసోడ్‌లోనే, రాజ్యం పోగొట్టుకున్న రాజవంశపు పిల్ల డెనేరిస్‌కు, దోత్రాకీ నాయకుడు ద్రోగోకు పెళ్లి జరిగే సీన్ ఉంది. దోత్రాకీలు గుర్రాల మీద తిరిగే జాతి. వాళ్ల కోసం డేవిడ్ పీటర్సన్ అనే భాషావేత్త వ్యాకరణంతో సహా ఒక భాషను తయారుచేశాడు. అంత శ్రద్ధ పెట్టారు. కానీ ఆ సీన్‌లో దోత్రాకీలు ఎలాంటివాళ్లో మనకు చెప్పేది ఎవరో చూడండి. కనీసం మూడు చావులైనా లేకపోతే దోత్రాకీ పెళ్లి చప్పగా ఉందంటారని, ఈ పెళ్లి కుదిర్చిన ధనవంతుడు ఇలీరియో చెబుతాడు. అతను దోత్రాకీ కాడు. కానుకిచ్చినవాళ్లకు కృతజ్ఞత ఎలా చెప్పాలని డెనేరిస్ అడిగితే, దోత్రాకీ భాషలో ఆ మాటే లేదంటాడు, దేశం వదిలి వచ్చిన యోధుడు జోరా. అతనూ దోత్రాకీ కాడు. ఒక జాతి గురించి మనం తెలుసుకున్నదంతా పక్కవాళ్ల నోటినుంచే.

ఆ రెండో డైలాగ్ దగ్గర ఆగండి. దాన్ని విన్న ప్రేక్షకుడు ‘అబ్బ, ఎంత మోటు జనం’ అనుకోవాలనే రాశారు. మన సంగతి చూద్దాం. వేడన్నంలో నెయ్యి వేసి పెట్టిన అమ్మకు మనలో ఎవరైనా ‘ధన్యవాదాలు’ అంటామా? అంటే ‘ఏమైందిరా నీకు’ అని ఒంటి మీద చెయ్యేసి చూస్తుంది. ఆ మాట మన దగ్గర సభలకు, ఉత్తరాలకు పుట్టింది. ఇంట్లో కృతజ్ఞత ఇంకో ముద్ద పెట్టించుకోవడంలో ఉంటుంది, ‘నీ కడుపు చల్లగుండ’ అన్న దీవెనలో ఉంటుంది. మాట లేనంత మాత్రాన మనసు లేదని కాదని తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు వ్యాసాల్లో దొరకని పాయింట్లు మీకు ఇలాంటి చోట దొరుకుతాయి. మీ ఇంటి అనుభవం తక్కువదని పక్కన పెట్టకండి. అది సాక్ష్యమే.

ఐదో మెట్టు: ఒక్క సీన్‌ను అడుగంటా తవ్వండి

మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ ‘మీసా’, 2013 జూన్ 9న వచ్చింది. దాని చివరి నిమిషాలు ఈ అభ్యాసానికి అన్నింటికన్నా మంచి ముక్క.

యుంకాయ్ నగర ద్వారాలు తెరుచుకుని బానిసలు బయటికి వస్తారు. ఎత్తు మీద డెనేరిస్, ఆమె మనుషులు, ఆమె సైన్యం. దుబాసీ మిస్సాండే ఆమె బిరుదులు చెప్పి, మీ స్వేచ్ఛకు ఈమెకే రుణపడ్డారంటుంది. డెనేరిస్ అడ్డుకుంటుంది. స్వేచ్ఛ నేను ఇచ్చేది కాదు, అది మీది, మీరే తీసుకోవాలి అంటుంది. కాసేపు నిశ్శబ్దం. గుంపులోంచి ఒక గొంతు ‘మీసా’ అంటుంది. ఇంకొకటి, ఇంకొకటి. ఆ మాటకు అర్థం అమ్మ అని మిస్సాండే చెబుతుంది. డెనేరిస్ డ్రాగన్లను ఎగరనిచ్చి గుంపులోకి నడుస్తుంది. వాళ్లు ఆమెను ఎత్తుకుంటారు. కెమెరా పైకి, ఇంకా పైకి పోతుంది.

ఆఖరి టాప్ యాంగిల్ షాట్ దగ్గర పాజ్ చేయండి. నడిమధ్యన నీలం గౌను, వెండి రంగు జుట్టు, తెల్లని ఒళ్లు. చుట్టూ మట్టి రంగు బట్టలు, గోధుమ, చామనఛాయ చేతులు. చేతులన్నీ ఆమెవైపే చాచి ఉన్నాయి. ఫ్రేములో ఒకే ఒక్క మనిషి ఉంది, మిగతాది ఆమె చుట్టూ పరుచుకున్న నేల లాగా ఉంది. అంత పైనుంచి చూస్తే ఎవరికీ ముఖం ఉండదు.

ఇందాకటి పొరపొచ్చం ఇక్కడ పట్టుకోండి. డైలాగ్ ‘స్వేచ్ఛ మీది, నేనిచ్చేది కాదు’ అంటోంది. బొమ్మ ‘ఈమే ఇచ్చింది’ అంటోంది. నేపథ్య సంగీతం ఎటువైపు ఉందో వినండి. సంగీత దర్శకుడు రామిన్ జావాది ఇక్కడ ‘మీసా’ అన్న పిలుపునే కోరస్‌గా మార్చాడు. సంగీతానికి ఏ అనుమానమూ లేదు, అది బొమ్మవైపే నిలబడింది. మాట ఒకవైపు, బొమ్మా సంగీతమూ ఇంకోవైపు ఉంటే ప్రేక్షకుడి గుండెకు చేరేది రెండోదే.

ఈ సీన్ వచ్చినప్పుడే గొడవైంది. గోధుమ రంగు జనాన్ని ఒక తెల్లమ్మాయి ఉద్ధరించడం ఏమిటని చాలామంది విమర్శకులు అడిగారు. దీనికి మూల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఇచ్చిన వివరణ ఏమిటంటే, పుస్తకాల్లో ఆ బానిసలు ఒక్క రంగువాళ్లు కారు, అన్ని జాతులవాళ్లూ ఉన్నారు, షూటింగ్ మొరాకోలో జరిగింది కాబట్టి జూనియర్ ఆర్టిస్టులు అక్కడివాళ్లే అయ్యారు. వివరణను మీ వ్యాసంలో తప్పకుండా రాయండి. నిర్మాణ పరిస్థితులు తెలియకుండా తీర్పు చెప్పకూడదు. కానీ దానితో ఆగిపోవద్దు. ప్రేక్షకుడికి కాల్‌షీట్ కనిపించదు, ఫ్రేము కనిపిస్తుంది. అంత పెద్ద బడ్జెట్‌లో, డ్రాగన్లను సృష్టించగలిగిన చోట, ఈ ఒక్క షాట్‌ను ఇంకోలా తీసే వీలు లేదంటే నేను ఒప్పుకోను. కెమెరాను పైకి తీసుకెళ్లకుండా గుంపులో పది ముఖాల మధ్య నిలబెట్టినా చాలు, అర్థం మారిపోయేది.

ఇంకో సంగతి. 2019 మేలో వచ్చిన, ఆఖరిదానికి ముందు ఎపిసోడ్‌లో ఇదే డెనేరిస్ కింగ్స్ లాండింగ్ నగరాన్ని తగలబెడుతుంది. అది చూశాక వెనక్కి వచ్చి ‘మీసా’ చూస్తే ఆ ఎత్తుకోవడమే భయంగా కనిపిస్తుంది. ఒక మనిషిని దేవతను చేస్తే ఏమవుతుందో ముందే చెప్పారని కొందరు వాదిస్తారు. వాదన బాగానే ఉంది. ఎక్కడ నిలబడి చూస్తున్నారో మీరు మాత్రం స్పష్టంగా రాయాలి. మీడియా సిద్ధాంతకర్త స్టువర్ట్ హాల్ చెప్పిన మూడు రకాల చదువులు ఇక్కడ నిజంగా పనికొస్తాయి. తీసినవాళ్లు చెప్పిందాన్ని అలాగే ఒప్పుకోవడం, సగం ఒప్పుకుని సగం బేరమాడటం, పూర్తిగా ఎదురు తిరగడం. ‘మీసా’కు మూడు చదువులూ ఉన్నాయి. మూడూ రాసి, మీది ఏదో, ఎందుకో చెప్పండి.

ఆరో మెట్టు: నచ్చిన షాట్‌నే ప్రశ్నించండి

బాగా తీసిందంటే తప్పు లేనిదని కాదు. ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్ ‘ద లాంగ్ నైట్’ 2019 ఏప్రిల్ 28న వచ్చింది. రాత్రి యుద్ధం, తెర మీద ఏమీ కనిపించలేదని జనం గగ్గోలు పెట్టారు. మీరు చూసేటప్పుడు గదిలో లైట్లు తీసి, మంచి క్వాలిటీలో చూడండి. ఫోన్‌లో వద్దు.

యుద్ధానికి ముందు మంత్రాలు తెలిసిన పూజారిణి మెలిసాండ్రే ప్రార్థించగానే దోత్రాకీ కత్తులన్నీ వరసగా భగ్గుమంటాయి. వాళ్లు చీకట్లోకి దూసుకుపోతారు. కెమెరా వాళ్లతో చివరిదాకా వెళ్లదు, కోట ముందు నిలబడ్డవాళ్ల దగ్గర ఆగిపోతుంది. దూరంగా నిప్పుల బారు. ఒక్కొక్కటిగా ఆరిపోతుంది. కేకలు సన్నబడి ఆగిపోతాయి. ఇక చీకటి.

మొత్తం సిరీస్‌లో భయాన్ని ఇంతకన్నా బాగా చెప్పిన షాట్ లేదని నా నమ్మకం. శత్రువును చూపించకుండా చావును చూపించారు. కానీ నాలుగో మెట్టులో పెట్టిన లెక్క మళ్లీ వేయండి. ముఖం, పేరు, మాట. ఎనిమిదేళ్లు మనతో నడిచిన జాతి చుక్కలు చుక్కలుగా ఆరిపోయింది. ఏడవడానికి మనకు ఒక్క పేరు కూడా ఇవ్వలేదు. తిరిగొచ్చిన కొద్దిమందిలో కెమెరా వెతికింది జోరాను. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో రాయగలిగితే, అందం వల్ల తప్పును దాచకుండా, తప్పు వల్ల అందాన్ని కొట్టిపారేయకుండా, మీకు ఈ పని వచ్చినట్టే.

ఏడో మెట్టు: అదే కళ్లద్దాలతో మన ఇంటివైపు చూడండి

పరాయివాళ్ల సిరీస్‌ను తప్పుపట్టడం సులువు. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం చూస్తూ యుద్ధం సీన్లో థియేటరంతా ఊగిపోయింది, నేనూ ఊగిపోయాను. ఇప్పుడు కాలకేయుల దగ్గర పాజ్ చేస్తే దోత్రాకీలే గుర్తొస్తారు. ఒంటికి నల్లరంగు, తోలు బట్టలు, గుంపుగా తప్ప విడిగా కనిపించని జనం. వాళ్ల కోసం మదన్ కార్కీ ‘కిలికి’ అనే భాషను తయారుచేశాడు. నాయకుడు ఇన్కోషిగా ప్రభాకర్ ఆ భాషను నోరారా పలికాడు, అద్భుతంగా పలికాడు. కానీ ఆ చప్పుళ్లు భయపెట్టడానికి ఏరినవి. నలుపు, అర్థం కాని భాష, క్రూరత్వం, ఈ మూడూ ఒకే మూటలో కట్టి మనకు అందించారు, మనం తీసుకున్నాం. మన నల్లమల చెంచులో, మన్యంలో కోయలో ఆ సినిమా చూస్తే ఆ మూటను ఎలా విప్పుకుంటారో ఆలోచించండి. దీన్ని రాస్తే సినిమా మీద ప్రేమ లేనట్టు కాదు. నాకు ఇప్పటికీ ఇష్టమే.

రాసేటప్పుడు

‘దర్శకుడు ఆర్యాను గొప్పగా చూపించాడు’ అని రాస్తే మార్కులు రావు. ‘కుట్టుపని గదిలోకి బయటి బాణాల చప్పుడు వినిపించి, తగిలిన బాణాన్ని ముందూ వేసిన మనిషిని తర్వాతా చూపించి, విలువిద్య మగపిల్లలదే అన్న మన నమ్మకాన్ని మన చేతే తప్పనిపించారు’ అని రాయండి. ఏం చేశారు, ఎలా చేశారు, ఎవరి గురించి ఏం చెప్పారు, మూడూ ఒకే వాక్యంలో ఉండాలి.

సిద్ధాంతకర్తల పేర్లు పోపు గింజల్లాంటివి, ఎక్కువైతే మాడు వాసన. సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో రాసిన ‘మేల్ గేజ్’, అంటే తెర ఆడవాళ్లను మగవాడి కళ్లతో చూస్తుందన్న ఆలోచన, డెనేరిస్ మొదటి సీన్లకు సరిగ్గా అతుకుతుంది, కెమెరా ఆమె ఒంటిని కొనుగోలుదారు చూసినట్టు చూస్తుంది కాబట్టి. ఆర్యా సీన్‌కు అతకదు, అక్కడ తీసుకురావద్దు. మీ షాట్‌ను ఇంకాస్త స్పష్టం చేసినప్పుడే పేరు వాడండి.

ఇక మొదలుపెట్టండి. ‘మీసా’ ఆఖరి షాట్ దగ్గర పాజ్ చేసి, డెనేరిస్ కాకుండా గుర్తుపట్టేలా ఎన్ని ముఖాలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను పేజీ పైన రాసి, దాని కిందే మీ మొదటి వాక్యం రాయండి.